వానకోవెలలకు కడవెడు నీళ్లు

మా ఆయన మాట్లాడడని పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పెళ్లి మానుకునేదాన్నని కాదు, కనీసం మనసు కొంచెం గట్టి చేసుకుని వచ్చేదాన్ని. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాఘంలో పెళ్లి చేసి, ఆదోనిలో బస్సెక్కించి ఎమ్మిగనూరుకు పంపారు. దారి పొడుగునా పక్కన కూర్చున్న మనిషి అన్న మాట ఒక్కటే: "కొంగు కప్పుకో, దుమ్ము." ఆ మాటైనా ముందు సీటుకు చెబుతున్నట్టు చెప్పాడు.

నేనా, పుట్టుకతోనే వాగుడుకాయను. మా నాయన ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు రొదలో అరిచి అరిచి, ఇంటికొచ్చినా అదే గొంతు. కాసిన్ని మజ్జిగ అడిగినా నాలుగిళ్లకు వినబడేది. మేమంతా ఆయన బిడ్డలమే కదా, గుసగుస అనేది మా ఇంట్లో ఎరగం. మా తాత కాలంలో మాకూ మగ్గం ఉండేదట గాని, నేను పుట్టేసరికి అది అటక మీద కట్టెల్లో కట్టెగా మిగిలింది. అట్లా మగ్గం పని ఒక్కటీ రాకుండానే మగ్గాలవాళ్ల కోడలినయ్యాను.

అత్తగారిల్లు అంటే ఒకటే పొడుగాటి గది. వెలుతురు కోసం వాకిలి దగ్గర గుంత మగ్గం, వెనక వంట, మధ్యలో మేం ముగ్గురం. మామ లేడు. మా ఆయన గుంతలో కాళ్లు పెట్టుకుని తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా నేసేవాడు. నేను అత్త పక్కన కూర్చుని రాట్నం మీద కండెలకు నూలు చుట్టేదాన్ని. పెద్దవాళ్ల ముందర మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం ఆ వీధిలో మర్యాద కాదు. మా అత్త ఎప్పుడూ ముందరే ఉండేది. సరే, ఊరి మర్యాద అనుకుందాం. అత్త నీళ్లకు పోయినప్పుడు కూడా ఈ మహానుభావుడు నోరు తెరవడే! ఆ మర్యాద ఆయనకు భలే కలిసొచ్చింది. నేనంటే ఇష్టం లేదని తీర్మానించుకున్నాను. ఇష్టం లేని మనిషి పక్కన బతుకంతా కండెలు చుట్టుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు.

ఉగాదికి నాయన వచ్చి నన్ను పుట్టింటికి పిలుచుకుపోవాలి. పెళ్లయ్యాక మొదటి పండగ అది. ఒకరోజు నూలు చిక్కుపడిందని అత్త కసిరితే, ఆ కోపంలో మనసులో ఉన్నది బయటికి అనేశాను.

"మా నాయన రానీ, పోతా. పోతే మళ్లీ రాను, సూస్కో."

"పోవే తల్లీ, పో. పోయి ఆ మిల్లు కూత వింటా కూసో" అంది అత్త, చిక్కు విప్పుతూనే. ఆమెది పాలపొంగు కోపమని నాకు అప్పటికి తెలియదు.

మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

ఫాల్గుణం సగంలో వానకోవెలలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం రెండు నల్లటి నీడలు వాకిట్లోంచి సర్రున దూసుకొచ్చి, మగ్గం మీద ఒక చుట్టు చుట్టి, వచ్చిన దారినే పోయాయి. "గబ్బిలాలే!" అని అత్త రాట్నం వదిలేసి లేచింది. నేను మాత్రం చూడగానే గుర్తుపట్టేశాను. మా ఆదోని కొండ మీద పెద్ద బండల కింద మట్టిగూళ్లు కట్టేవి ఇవే. నిగనిగలాడే నల్లటి నీలం వీపు, నడుం దగ్గర ఇటుకరంగు పట్టీ, రొమ్ము మీద సన్నటి గీతలు, రెండు పాయలుగా చీలిన తోక. చిన్నప్పుడు వంటచెరకు కోసం కొండెక్కి, కట్టెల సంగతి మరిచి వీటిని చూస్తూ కూర్చుని, అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో. పుట్టింటి నుంచి చుట్టాలు వచ్చినంత సంతోషమైంది.

రంగు వేసిన నూలు ఆరేయడానికి మా చూరు నుంచి ఎదురింటి చూరుకు ఒక తాడు కట్టి ఉండేది. ఎర్రటి నూలు కట్టల మధ్య అవి వచ్చి కూర్చునేవి. మొగది కొంచెం ఎడంగా కూర్చుని, గొంతు ఉబ్బించి ఒకటే పాట. పాడుతూ పాడుతూ పక్కకు ఒక అడుగు జరుగుతుంది. ఆడది తనకేమీ పట్టనట్టు ముక్కుతో రెక్క దువ్వుకుంటూ అదీ ఒక అడుగు జరుగుతుంది. అట్లా జరిగి జరిగి, తాడు అయిపోయేచోట తుర్రుమంటుంది. వెనకాలే అతగాడు. ఇక చూడాలి ఆ ఎగరడం! వీధి ఈ కొస నుంచి ఆ కొసకు, మనుషుల మోకాళ్లెత్తున, ఆమె ఎటు తిరిగితే అటు, ఎక్కడ పైకి లేస్తే అక్కడ. ఒక్కోసారి ఇద్దరూ రెక్కలు ఆడించకుండా చాచి, నిదానంగా గాలిలో జారుకుంటూ పోయేవాళ్లు. ఒకరోజు అతను ఎవరింటి కోడి ఈకనో కరుచుకొచ్చి, బాగా పైకి పోయి వదిలేశాడు. ఈక తేలుతూ దిగుతుంటే ఆమె కింద నుంచి వచ్చి అందుకుంది. కొంచెం దూరం పోయి ఆమె వదిలింది, అతను అందుకున్నాడు. ఆ ఈకతో ఎంతసేపు ఆడుకున్నారో, నా కండె నిండి నూలు పక్కకు జారిపోతున్నా నేను చూసుకోలేదు.

"సిగ్గులేనోడు" అని తిట్టాను, మెచ్చుకోలుగానే. ఆ గొంతులో సగం, పోనీ సగంలో సగం మా ఆయనకు ఉండి ఉంటే నేను పుట్టింటికి పోతాననే దాన్నే కాదు.

అప్పుడే గమనించాను, మగ్గం ఆగి ఉంది. ఆయన మెడ వంచి వాకిట్లోంచి పైకి చూస్తున్నాడు. అటూ ఇటూ పోగు వేసే నాడె చేతిలోనే ఉండిపోయింది.

"ఏమప్పా, పోగు తెగిందా?" వెనక నుంచి అత్త.

"ఊఁ" అన్నాడు. పోగూ లేదు, తెగడమూ లేదు. ఈ మనిషి అబద్ధం కూడా ఆడగలడన్నమాట! నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మరునాడు అత్త బిందె తీసుకుని బావికి పోయింది. మగ్గం ఆగింది.

"పాడేది మొగదా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

అడిగింది నన్నేనని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. "మొగదే. దాని తోక పొడుగు, సూడు. ఆయమ్మది రవ్వంత పొట్టి" అన్నాను. అంతే, ఇక నా నోరు ఆగలేదు. ఇద్దరూ కలిసే గూడు కడతారని, ముక్కుల్లో బురద ఉండలు మోసుకొస్తారని, గూడు పడుకోబెట్టిన చెంబులా ఉంటుందని, లోపలికి పోవడానికి మెడలాగా ఒక సన్నటి దారి పెట్టుకుంటారని గడగడా చెప్పేశాను. ఆయన బుద్ధిగా విన్నాడు.

"యాడ కడతాయి?"

"నెత్తి మీదనే" అన్నాను, మగ్గం పైన ఉన్న దూలం చూపించి.

బిందె చప్పుడు వినబడగానే ఇద్దరం దొంగల్లా ఎవరి పనిలో వాళ్లం పడ్డాం.

నేను చెప్పినట్టే ఆ దూలానికే తగులుకున్నాయి. మగ్గం మీద పిట్టగూడును ఏ నేతగాడూ ఉండనివ్వడు. రెట్ట పడితే బట్ట పాడు. ఒక కర్ర తీసుకుని రెండు దెబ్బలు వేస్తే పోయేది. ఆయన కర్ర తీయలేదు. పాత గోనెపట్టకు నాలుగు మూలలా తాళ్లు కట్టి, దూలం కింద వేలాడదీశాడు. మట్టి రాలినా, రెట్ట పడినా అందులోనే పడేటట్టు.

"సూడండమ్మా, పిట్టలకు పందిరేసినాడు నా కొడుకు" అని అత్త వీధిలో అందరికీ చెప్పుకుంది. తిట్టినట్టే చెప్పింది గాని, వచ్చిన వాళ్లందరికీ ఆ పందిరి చూపించకుండా పంపేది కాదు.

చైత్రం దగ్గరపడేసరికి ఎండలు ముదిరాయి. వీధి అవతల గుంటలో ఉన్న కాసిని నీళ్లూ ఇంకిపోయాయి. గూడు అరచెయ్యంత లేచి ఆగిపోయింది. మొగది ఎండుమట్టి తెచ్చి అతికించబోతే పొడి పొడిగా రాలిపోయేది. ఆడది తాడు మీద కూర్చుని, అతను పాడితే మొహం అటు తిప్పుకునేది. పొద్దంతా రెండూ కనబడని రోజులు కూడా వచ్చాయి.

"ఇంగ పోతాయి అత్తా. బురద ల్యాకుంటే ఈడ ఏముంది వాటికి?" అన్నాను ఒక సాయంత్రం.

"పోతే పోనీలే, వానలొచ్చినంక అవే వస్తాయి" అంది అత్త. మగ్గం దగ్గర నుంచి మాట లేదు. ఎప్పుడుంది గనక!

ఆ తర్వాత ఒక పొద్దున చూస్తే వీధి కొసన చాపంత మేర నేల తడిసి ఉంది. వానకోవెలలు రెండూ అక్కడే వాలి ఉన్నాయి. గాలిలో అంత హొయలు పోయే పిట్టలు నేల మీద పొట్టి కాళ్లతో ఎంత తడబడతాయో! రెక్కలు తడవకుండా పైకెత్తి పట్టుకుని, ముక్కునిండా బురద తీసుకుని లేచాయి. ఎవరో ఎద్దును కడిగారనుకున్నాను. మరునాడూ తడే, ఆ మరునాడూ తడే. ఎవరైతేనేం, వాళ్ల కడుపు చల్లగుండ అని దీవించి కండెలు చుట్టుకున్నాను. గూటికి మళ్లీ పొట్ట వచ్చింది.

ఆ వీధి కొసన పాతిన గూటం సంగతి ఇక్కడ చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలుకు గంజి పెట్టాలి. అంత పొడుగు నూలు ఏ ఇంట్లోనూ పట్టదు, అందుకని ఆ పని వీధిలోనే. చీకట్లు విచ్చుకుంటుండగానే పడుగును చాచి, కొసన గూటానికి బిగించి కట్టి, మధ్య మధ్య వెదురు కర్రల మీద నిలబెట్టి గంజి పూస్తారు. అటొకరు, ఇటొకరు పెద్ద కుంచె పట్టుకుని, పోగుకు పోగు అంటుకోకుండా దువ్వుకుంటూ నడుస్తారు. ఎండ ముదిరేలోపల అంతా అయిపోవాలి. అందుకే ఆ వీధిలో ఎవరూ నీళ్లు పారబోయరు, కల్లాపి కూడా గడప ముందు వరకే. ఆ తడి నేలలో ఉన్న చిట్టచివరి గూటం మాత్రం పక్కింటి పెద్దాయన ఒక్కడికే పనికొచ్చేది. అంత పొడుగు పడుగు చాచేది ఆయనే.

ఉగాది ముందు అందరికీ తొందరే. పెద్దాయన తన పని రెండు రోజులు ముందుకు జరుపుకుని, ఒకనాడు తెల్లవారుతూనే పడుగు చాచాడు. మా ఆయన నూలు తేవడానికి అప్పటికే మొదటి బస్సుకు ఆదోని పోయాడు. గంజి సగం పూశారో లేదో, తడికి మెత్తబడిన నేలలోంచి గూటం ఊడి వచ్చేసింది. బిగువుగా ఉన్న పడుగు ఒక్కసారి వదులై, కర్రలతో సహా కూలి, కొస నేరుగా ఆ బురదలో పడింది.

వీధి వీధంతా లేచింది. ఈ తడి ఎక్కడిది? చూపులన్నీ తిరిగి తిరిగి నా మీద వాలాయి.

"ఆదోని పిల్ల గదా, దానికేం తెలుసు. అంట్లు కడిగిన నీళ్లు ఈడ పారబోసింటాది" అంది ఎవరో.

"నేను పొయ్యలే! అంట్ల నీళ్లు పెరట్లోనే పోస్తాండా" అన్నాను. మిల్లు గొంతుతోనే అన్నాను. ఒక్కరూ నమ్మలేదు. పెద్దాయన మాత్రం తిట్టలేదు. బురద పట్టిన నూలు చేతిలోకి తీసుకుని "అయ్యో, అయ్యో" అంటూ నిలబడ్డాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. అత్త దగ్గరకొచ్చి మెల్లగా అంది: "నువ్వే పోసింటే ఒప్పుకో పాపా. తెలీక చేసినా అంటే అయిపోతాది."

నా ప్రాణం తీసిన మాట అదీ. వీధి వాళ్లు అనుకుంటే అనుకోనీ, ఇంట్లో మనిషి కూడానా! లోపలికి పోయి చీరలు తీసి మూట కట్టాను. ఉగాదికి పిలుచుకుపోవడానికి నాయన ఆ సాయంత్రమే వస్తాడు. రావడం, పోవడం, ఇంక ఈ గడప తొక్కేది లేదు. మూట ఒళ్లో పెట్టుకుని ఆ గడప మీదే కూర్చున్నాను.

"అన్నం తిని కూసో. మూట యాడికీ పోదు" అంది అత్త.

"నాకొద్దు."

"మజ్జిగన్నా తాగు."

తాగాను. ఎండ మరి.

నా నెత్తి మీదుగా వానకోవెలలు వచ్చి పోతూనే ఉన్నాయి. గూడు పొట్ట వరకూ అయింది, మెడ ఇంకా మొదలవలేదు. దాన్ని పూర్తిగా చూడకుండానే పోతున్నానే అనుకునేసరికి, వీధి ముందర ఆపుకున్న ఏడుపంతా అక్కడ వచ్చింది.

సాయంత్రానికి అందరూ కలిసి పడుగు కడిగి, పెద్దాయన అరుగు మీద తెగిన పోగులు ముడివేస్తూ కూర్చున్నారు. బస్సు దిగి ఇద్దరూ కలిసే వచ్చారు. మా ఆయన ముందు, భుజం మీద నూలు మూట. వెనక మా నాయన, మలుపు తిరగక ముందే వినబడుతూ: "ఉగాది అయినంక కైరుప్పల జాతరకు పోదామప్పా, పిడకల కొట్లాట సూద్దువు గాని!" పాపం, దారి పొడుగునా ఆయనొక్కడే మాట్లాడి ఉంటాడు.

"అబ్బో, నా బిడ్డ అప్పుడే మూట కట్టుకోని కూసుందే!" అన్నాడు నాయన నన్ను చూసి సంబరంగా.

మా ఆయన మూట చూశాడు. ఏడ్చిన నా మొహం చూశాడు. అరుగు మీద నుంచి ఎవరో అందుకున్నారు: "నీ పెండ్లాం చేసిన పని సూసినావా? గూటం కాడ నీళ్లు పోసి పెద్దాయన పడుగు బురదపాలు చేసింది."

ఆయన భుజం మీది నూలు కిందికి దించాడు. ఏదో అన్నాడు.

"ఏమంటివి? గట్టిగా సెప్పు" అన్నాడు పెద్దాయన.

"నీళ్లు పోసింది నేను!"

ఆ మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. మా నాయనే నోరు మూసుకున్నాడు.

"నువ్వా? మగ్గం గుంతలో పుట్టినోడివి, గూటం కాడ నీళ్లు పోస్తావా?"

"దీపాలు పెట్టే యాళకు రోజూ ఒక కడవ పోస్తాండా. నీ పడుగు ఇంకా రెండు దినాలకు గదా, అంతలోకి ఆరిపోతాదిలే అనుకుంటి."

"ఏం పుట్టిందప్పా నీకు, ఎందుకు పోసినావు?"

"పిట్టలకు బురద ల్యాదు."

అరుగంతా గొల్లుమంది. "పిట్టలకంట! బురదంట!" ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇక తల దించుకుని ఇంట్లోకి పోతాడనుకున్నాను. తల దించుకున్నాడు గాని పోలేదు. అందరికీ వినబడేటట్టే అన్నాడు:

"ఈమి పొద్దంతా వాటినే సూస్తాంటాది. అవి పోతే ఈమి గూడా పోతాదని భయమైంది నాకు."

నవ్వులు ఆగిపోయాయి. తల్లి ముందర, మామ ముందర, వీధి ముందర పెళ్లాం గురించి అట్లాంటి మాట అన్న మగవాడు అంతకు ముందు అక్కడ లేడు. నా ఒళ్లంతా వేడెక్కింది. సిగ్గు, సంతోషం, ఇన్నాళ్లూ ఈ ముక్క నాతో చెప్పి చావలేదేమన్న కోపం, అన్నీ కలిసే వచ్చాయి. ఆ నిమిషాన ఆ మనిషి నాకు ఎంత ప్రాణమైపోయాడో!

"ఓరి నీ నోరు పడ! ఇన్నేండ్లకు తెరిసి, తెరిసి తెరిసి వీధిలో తెరిసినావా!" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత నా పక్కన గడప మీద కూలబడి, "నిన్ను అనరాని మాటంటి. మనసులో పెట్టుకోవద్దు పాపా" అంది.

పెద్దాయన ముడి వేస్తున్న పోగు వదిలి మా ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "సరే, రేపు తెల్లార్తూనే పడుగు మళ్లీ సాపాల. కుంచె నువ్వే పట్టల్ల."

"పడతా."

"రెండో పక్క ఎవురు?"

"నేను పడతా" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"ఆడోళ్లు వీధిలో కుంచె పడతారా యాడన్నా?" అని ఎవరో గొణిగారు.

"పట్టనీలే. గూటం కాడ నీళ్లు పోసిన మొగోడిని సూసినాం, ఇది గూడా సూద్దాం" అన్నాడు పెద్దాయన.

తెల్లవారుతూనే పడుగు చాచారు, ఈసారి గూటం పక్కకు జరిపి, పొడినేలలో. ఇటు నేను, అటు ఆయన, మధ్యలో గంజి వాసన వేసే తెల్లటి పడుగు. మొదట నాకు నడక కుదరలేదు. నేను తొందరపడితే కుంచె వంకర పోయేది. "నిదానం" అన్నాడు ఆయన. కాసేపటికి ఆయన అడుగు చూసి నా అడుగు వేయడం పట్టుబడింది. వానకోవెలలు పడుగు మీదుగా, మా ఇద్దరి మధ్య నుంచే వచ్చి పోతున్నాయి. మా నాయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన పక్కన నా మూట.

సగం దూరం పోయాక మా ఆయన కుంచె ఆపాడు.

"మీ నాయన వచ్చినాడు గదా. పోతావా?"

నన్నే అడిగాడు. తల ఎత్తి, నా మొహం చూసి అడిగాడు. నేను నోరు తెరవబోయాను.

"గంజి ఆరిపోతాంది, నడవండప్పా!" అని పెద్దాయన కేక వేశాడు.

నడిచాం. వీధి కొసన పాత గూటం పెరికిన చోటికి వచ్చాం. ముందు రోజు సాయంత్రం ఎవరూ నీళ్లు పోయలేదు కాబట్టి నేల గట్టిపడి ఉంది. ఆడపిట్ట అక్కడ వాలి, ఒకచోట పొడిచి, ఇంకోచోట పొడిచి, ఏమీ దొరక్క తల తిప్పి చూస్తోంది.

"మాపటి నుంచి నీళ్లు నేను పోస్తాలే" అన్నాను. "మగ్గమోళ్లకేం తెలుస్తాది, యాడ పోయాల్నో."